పెన్న గండిలో 36 ఫోటోలు

మా అమ్మ ఫలానాది తెచ్చిపెట్టమని ఎవరినీ అడిగే మనిషి కాదు. అలాంటిది మొన్న వేసవి సెలవులలో మేము అనుమసముద్రంపేట వెళ్ళినప్పుడు, నా సంచిలోనుంచి నాన్నగారి పాత కెమెరా బయటపడడం చూచి, "ఎక్కడికి నాయనా ప్రయాణం?" అని అడిగింది.

"గండికోటకమ్మా. పెన్న కొండను కోసుకొని పారేచోట ఫోటోలు తీద్దామని."

అమ్మ కొంచెంసేపు చింతపండులో గింజలు తీస్తూ మాట్లాడలేదు. తరువాత, "వచ్చేటప్పుడు అట్లూరు మీదుగా రండి. మా వూరు వున్నచోటు ఒక్క ఫోటో తీసుకొనిరా" అన్నది.

మా వూరు అనలేదు. మా వూరు వున్నచోటు అన్నది. ఎందుకంటే అమ్మ పుట్టినవూరు ఇప్పుడు లేదు. 1975లో మొదలుపెట్టిన సోమశిల ఆనకట్ట 1989 నాటికి పూర్తయింది. 78 టి.ఎం.సి.ల నీరు నిలవాలంటే దానికి తగ్గ చోటు కావాలి గదా! ఆ చోటును కడప జిల్లాలో పెన్న ఒడ్డున వున్న వూళ్ళు ఖాళీ చేసి ఇచ్చాయి. వాటిలో మా అమ్మమ్మగారి వూరు ఒకటి. అప్పటికి నేను చిన్నవాణ్ణి. ఆ ఇంటి అరుగు మీద ఆడుకున్నానని అమ్మ చెబుతుందిగాని, నాకు గుర్తులేదు.

మరునాడు తెల్లవారకముందే నేనూ, ఇంటర్ చదువుతున్న మావాడూ బయలుదేరాము. దర్గాకు వచ్చిన యాత్రికులు అప్పుడే నిద్రలేచి టీ కొట్ల దగ్గర చేరుతున్నారు. ఉదయగిరి దుర్గం చూద్దామా అన్నాడు మావాడు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. మన ఇంటిముందరి కొండ ఎక్కడికీ పోదులే అని చెప్పి ఆత్మకూరులో బద్వేలు బస్సు ఎక్కించాను. దగ్గరవున్నదాన్ని ఎప్పుడైనా చూడవచ్చునని వాయిదా వేయడం మనందరికీ వున్న జబ్బేనేమో!

మర్రిపాడు దాటి వెలికొండల ఘాటు ఎక్కి దిగామంటే లోకం మారినట్లే వుంటుంది. తుపానులతో వచ్చే వాన మా వైపు దండిగా కురిసి, ఈ కొండలు దాటేసరికి బాగా తగ్గిపోతుంది. అవతల నేల ఎరుపు, చెట్లు పొట్టి, ఆకాశం పెద్దది. కవయిత్రి మొల్ల వూరని చెప్పుకొనే గోపవరం దాటి బద్వేలు చేరేసరికి, మా మేనమామ కొడుకు పాత జీపు వేసుకొని సిద్ధంగా వున్నాడు. వూరు మునిగినప్పుడు మేనమామ కుటుంబం బద్వేలులోనే స్థిరపడింది.

"పెద్దరోడ్డున పోతే ఏముంటుంది బావా, లారీలు తప్ప?" అంటూ అతను మైదుకూరు దాటాక జీపును పొలాల దారి పట్టించాడు. ఆ దారుల అందం ఏమని చెప్పను! ఇళ్ళకు కప్పు కడప బండ, అరుగు కడప బండ, చేనికి కంచె కూడా నిలబెట్టిన కడప బండే. మధ్యాహ్నం ఎండకు ఆ బండల మీద అప్పడం వేయించవచ్చు. ఒకచోట టైరు పంచరయితే, చేలో పనిచేసుకొంటున్న ఒక ముసలాయన అడక్కుండానే వచ్చి జాకీ పట్టి, కుండలో నీళ్ళిచ్చి, మా వూరి వానల సంగతి అడిగి తెలుసుకొని వెళ్ళాడు.

జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. కోటలోకి పోయినా ఆ లోయ కనబడదు. మాధవరాయస్వామి గుడిగోపురం, జుమ్మామసీదు, పెద్ద ధాన్యపు కొట్టు కనబడతాయి. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ 1652లో వచ్చి మీర్ జుమ్లాను కలుసుకున్న కోట ఇదే. వాటిని దాటి, గుండ్లమీద గుండ్లు ఎక్కి నాలుగడుగులు వేస్తే, ఉన్నట్టుండి కాలికింద నేల ఆగిపోతుంది.

మావాడు నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. నేను బండను పట్టుకున్నాను.

సుమారు 300 అడుగుల లోతున పెన్న పచ్చగా, కదులుతున్నదో లేదో తెలియకుండా వున్నది. రెండువైపులా ఎర్రని రాయి పుస్తకాలు పేర్చినట్లు పొరలుపొరలుగా లేచింది. ఈ రాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు గండికోట పేరే పెట్టారు. ఒకప్పటి సముద్ర తీరాలలో ఇసుక పేరుకొని గట్టిపడిన రాయి. దాని వయస్సు నూరుకోట్ల ఏళ్ళకు పైమాట. దీనిని భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అంటారు. అమెరికాలోని అసలు గ్రాండ్ కాన్యన్ లోతు 6,000 అడుగులట. కాని 300 అడుగుల అంచున నిలబడినవాడికి ఆ లెక్కతో పనిలేదు. కాళ్ళు వణకడానికి ఇది చాలు.

తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి గనుక నాకు ఆ పేరు మీద ఆలోచన పోయింది. మా నెల్లూరు రైతుకు గండి అంటే గుండె గుభేలుమంటుంది. చెరువుకు గండి పడితే ఆ ఏటి పంట పోయినట్లే. ఇక్కడ మాత్రం నది కొండకు పెట్టిన గండినే నమ్ముకొని రాజులు కోట కట్టారు. ఆ వైపు కందకం తవ్వే పనిలేదు. పెన్నే తవ్వి పెట్టింది.

మధ్యాహ్నపు ఎండలో లోయ ఫోటోకు లొంగదు. సూర్యుడు నడినెత్తిన వుంటే నీడ వుండదు, నీడ లేకపోతే లోతు కనబడదు. ఈ సంగతి తెలిసి కూడా ఆత్రం కొద్దీ ఎనిమిది ఫోటోలు వృథా చేశాను. సాయంకాలం అయిదు దాటాక బండలు రాగిచెంబు తోమినట్లు మెరవడం మొదలుపెట్టాయి. మావాణ్ణి అంచుకు దూరంగా ఒక గుండు మీద నిలబెట్టి తీశాను; మనిషి వుంటేనేగాని కొండ ఎంతదో తెలియదు. రాత్రి పర్యాటకశాఖవారి విడిదిలో పడుకొని, తెల్లవారుజామున మళ్ళీ వెళ్ళాము. ఎండ మొదట ఎదుటి గోడ పైఅంచును తాకి, ఒక్కొక్క పొరే దిగుతూ నీటిదాకా వచ్చింది. నేను కెమెరా కిందికి దించలేదు.

"నాన్నా, ఎన్నయ్యాయి?" అన్నాడు మావాడు. వాడు ఫోనులో వందలు తీస్తున్నాడు. వాడికి లెక్క అక్కరలేదు. నా కెమెరాలో రీలుకు 36 మాత్రమే. చూచుకొంటే 35 అయిపోయాయి. ఇంకో రీలు తెచ్చుకోలేదు.

అమ్మ మాట అప్పుడు జ్ఞాపకం వచ్చింది. సిగ్గు కూడా వేసింది.

తిరుగుదారిలో మా బావమరిది ఎక్కువ మాట్లాడలేదు. గండికోట ఎగువన కూడా జలాశయం కట్టారు. 2020లో తాళ్ళప్రొద్దుటూరు జనం ఇళ్ళు వదలి వెళ్ళవలసివచ్చింది. "పత్రికలో ఆ బొమ్మలు చూచి మా నాయన రెండురోజులు అన్నం సరిగా తినలేదు బావా" అన్నాడు. కడప మీదుగా సిద్ధవటం వచ్చి, పెన్న ఒడ్డున కోటను జీపులోనుంచే చూచి, అట్లూరు దాటి ఎడ్లబండి బాటలో సోమశిల వెనక నీళ్ళ అంచుకు చేరాము.

వేసవి గనుక నీరు చాలా వెనక్కు పోయింది. నెర్రెలు పడిన ఒండ్రు, అక్కడక్కడా ఎండిన మోళ్ళు, ఆవల తళతళలాడే నీరు, ఆ వెనుక వెలికొండలు. ఊరు ఎక్కడ? ఆ మోళ్ళ దగ్గర అని వాళ్ళ నాయన చెప్పాడంటాడు బావమరిది. కాదు సామీ, ఇంకా ఎడమకు అంటాడు గేదెలు మేపుకొంటున్న ఆసామి. ఉన్నది ఒక్క ఫోటో. గండికోటలో ఒకే బండను నాలుగుసార్లు తీసినవాణ్ణి, అక్కడ అరగంట నిలబడి ఏ వైపు తిరగాలో తేల్చుకోలేకపోయాను. చివరకు ఇద్దరి మాటా కలిసేటట్లు నీటినీ, వెనుక కొండలనూ పట్టి మీట నొక్కాను. రీలు అయిపోయింది.

మద్రాసులో కడిగించిన ఫోటోలు మూడువారాలకు వచ్చాయి. అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కొక్కటే ఇచ్చాను. గండికోట ఫోటోలు చూచి, "ఇంత గట్టిరాయిని మన పెన్నే కోసిందా?" అని ఆశ్చర్యపోయింది. బాగున్నాయన్నది, పక్కన పెట్టింది.

చివరిది ఇస్తూ, "వూరు ఎక్కడో సరిగా తెలియలేదమ్మా. ఉత్త నీళ్ళు పడ్డాయి" అన్నాను.

అమ్మ కళ్ళజోడు సవరించుకొని నీళ్ళను చూడలేదు. కొండలను చూచింది. "ఇదుగో, ఒంటెమూపురం కొండ. మా వాకిట్లో నిలబడితే సరిగ్గా దాని పక్కన పొద్దు పొడిచేది" అంటూ, ఆ మూపురం నుంచి వేలును తిన్నగా కిందికి జరిపి, నీళ్ళ మధ్య ఒకచోట ఆపింది. "ఇది మా ఇల్లు. ఇక్కడ రాములవారి గుడి. ఇది మంచినీళ్ళ బావి. ఇదంతా జొన్నచేను."

మావాడు నానమ్మ పక్కన కూర్చొని, ఫోను పక్కన పడేసి, ఆ వేలు వెంట చూస్తూ వుండిపోయాడు. ఇద్దరూ కలిసి వూరంతా తిరిగివచ్చారు.

"నీకు బాధ లేదా అమ్మా?" అని అడిగాను.

"ఎందుకు లేదు? కాని ఆ నీళ్ళతోనేగా నెల్లూరు మాగాణి అంతా పండుతున్నది. మనం తినే అన్నం అదే" అని లేచి, ఫోటోను పూజగదిలోకి తీసుకొనిపోయింది.

గండికోట ఫోటోలలో ఒకటి పెద్దది చేయించి మా కళాశాల గదిలో తగిలించాను. చూచినవాళ్ళంతా మెచ్చుకొంటున్నారు. ఈ సెలవులకు మాత్రం రెండు రీళ్ళు కొనిపెట్టుకొని, అమ్మను కూడా వెంటబెట్టుకొని ఆ నీటి అంచుకు వెళ్ళాలనుకొంటున్నాము. ఏ వైపు తిరిగి తీయాలో ఈసారి ఆమే చెబుతుంది.