మానేటి ఒడ్డున టైటాన్స్‌ లెక్కలు

జిల్లెల్ల దగ్గర సిద్దిపేట జిల్లా అయిపోతుంది. అక్కణ్నుంచి సిరిసిల్ల వైపు సాగిన రోడ్డు మానేరు వంతెన ఎక్కబోయే ముందు వచ్చే ఊరే తంగళ్ళపల్లి. సిరిసిల్లకు టికెట్టు కొన్నవాళ్లకి ఇది కిటికీలోంచి కనిపించి వెనక్కి పోయే ఊరు. వేములవాడ రాజన్న దర్శనానికి వెళ్లే భక్తులకైతే అసలు కంటికే ఆనదు. కానీ ఒకసారి దిగి చూడండి. రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి సాంచాలది. పగలూ రాత్రీ తేడా లేకుండా టకటకమంటూ సాగుతుంది. రెండోది కూత. కబడ్డీ కూత! ప్రొ కబడ్డీ మొదలైన రోజుల్లో అది పిల్లల నోటా వినిపిస్తుంది, సెల్‌ఫోన్లలోనూ వినిపిస్తుంది. మొదటి చప్పుడు గురించి పేపర్లు చాలానే రాశాయి. ఈ వారం రెండోదాని వెంట వెళ్దాం.

సాంచాల లోకం

నేతన్నల భాషలో మరమగ్గాన్ని ‘సాంచె’ అంటారు. సిరిసిల్ల చుట్టుపక్కల అలాంటివి వేల సంఖ్యలో ఉన్నాయి. తంగళ్ళపల్లి 2016 అక్టోబరులో కొత్త జిల్లాలతో పాటే మండలమైంది. అప్పటిదాకా సిరిసిల్ల మండలంలోని ఊరు. ఈ మండలంలోని బద్దెనపల్లి దగ్గరే టెక్స్‌టైల్‌ పార్కు ఉంది. నూలు రావడం, వార్పిన్‌ పట్టడం, భీములు ఎక్కించడం, కండెలు చుట్టడం... బట్ట తాను చేతికి రావాలంటే ఇన్ని చేతులు పడాలి. సాంచాల మీద పని పన్నెండు గంటల పాళీ. పగటి పాళీ ఒక వారం, రాత్రి పాళీ ఒక వారం. నేసినదాన్ని బట్టే కూలీ. సాంచె ఆగితే కూలీ ఆగినట్టే.

పనిలేని రోజులు ఈ నేలకు కొత్త కాదు. భివండి, షోలాపూర్‌, సూరత్‌... సిరిసిల్ల నేతన్న వలస వెళ్లని మగ్గాల ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇవ్వడం మొదలుపెట్టాక కొన్నేళ్లు చేతినిండా పని దొరికింది. 2024లో ఆ చీరలు ఆగిపోయాయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది. 2025 నవంబరులో వాటి పంపిణీ మొదలైంది. అంటే ఇక్కడి జీవితం ఒక ఆర్డరు నుంచి ఇంకో ఆర్డరుకి, ఒక సీజన్‌ నుంచి ఇంకో సీజన్‌కి నడుస్తుందన్నమాట. ‘వచ్చే సీజన్‌ ఎట్లుంటది?’ అన్న ప్రశ్న ఇక్కడివాళ్లకి బాగా అలవాటైనదే. బట్టకైనా అంతే, కబడ్డీకైనా అంతే.

చెడుగుడు నుంచి మ్యాట్‌ మీదికి

మన తాతల నోట ఇది చెడుగుడు. మట్టిలో గీత గీస్తే చాలు, ఆట మొదలైనట్టే. బ్యాటు కొనక్కర్లేదు, బూట్లు అక్కర్లేదు. కూలిపని చేసేవాళ్ల ఊళ్లలో ఈ ఆట నిలిచిందంటే కారణం అదే. వానాకాలం పోయి నేల కాస్త ఆరిందంటే, పండగల ముందు ఊళ్లలో పోటీలు పెట్టేవారు. గెలిచినవాళ్లకి ఓ కప్పు, కొంత నగదు. ఓడినవాళ్లకి మోచిప్పల మీద గాయాలు!

2014 జులైలో ప్రొ కబడ్డీ లీగ్‌ మొదలయ్యాక లెక్క మారింది. మట్టి పోయి మ్యాట్‌ వచ్చింది. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. కూతకు 30 సెకన్లే గడువు. వరుసగా రెండుసార్లు పాయింటు లేకుండా తిరిగొస్తే మూడోసారి ‘డూ ఆర్‌ డై’. తెస్తే పాయింటు, తేలేకపోతే ఔటు. ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు రైడర్ని పట్టేస్తే ‘సూపర్‌ ట్యాకిల్‌’, రెండు పాయింట్లు. మొత్తం నలభై నిమిషాల ఆట. రాత్రి పాళీలో టీ తాగే విరామానికి సగం మ్యాచ్‌ చూడొచ్చు. తెలుగు వ్యాఖ్యానం రావడంతో ఆట ఇంకా దగ్గరైంది.

మొదటి సీజన్‌ నుంచీ మన జట్టు తెలుగు టైటాన్స్‌. సొంత మైదానం కొన్నాళ్లు విశాఖ, కొన్నాళ్లు హైదరాబాద్‌ గచ్చిబౌలి. మానేటి ఒడ్డున ఉన్నవాళ్లు ఆ జట్టుని గచ్చిబౌలి వెళ్లి చూసింది తక్కువ, ఫోన్లో చూసింది ఎక్కువ.

66 ఆటలు... అయిదే గెలుపులు

టైటాన్స్‌ అభిమానిగా ఉండటమంటే మామూలు ఓర్పు కాదు. రెండో సీజన్లో, అంటే 2015లో జట్టు మూడో స్థానంలో నిలిచింది. 2016లోనూ సెమీస్‌ దాకా వెళ్లింది. అప్పటి హీరో రాహుల్‌ చౌదరి. అతను కూతకు వెళ్తే స్టేడియమంతా లేచి నిలబడేది. ఆ తర్వాత దిగుడే. 2019లో సిద్ధార్థ్‌ దేశాయ్‌ని కోటీ 45 లక్షలు పెట్టి తెచ్చారు. ఫలితం అంతంతమాత్రం. ఇక 2021-22 నుంచి మూడు సీజన్లు చూడండి. ఒక్కో సీజన్‌కి 22 మ్యాచ్‌లు. మొదటి దాంట్లో ఒక్క గెలుపు. తర్వాతి దాంట్లో రెండు. ఆ తర్వాత మళ్లీ రెండే. మొత్తం 66 ఆటల్లో అయిదు! ఆ మూడో సీజన్‌ కోసమే 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి పవన్‌ సెహ్రావత్‌ని కొన్నారు. అప్పటికి లీగ్‌ చరిత్రలో అదే రికార్డు ధర. అయినా జట్టు అట్టడుగునే ఉంది.

సాంచాల దగ్గర పనిచేసేవాళ్లకి ఈ ఓటమికి కారణం ఎవరూ చెప్పనక్కర్లేదు. బట్టకి పడుగు, పేక రెండూ ఉండాలి. పేక ఎంత మంచి నూలైనా, పడుగు తెగుతుంటే సాంచె ఆపుకుని ముడులు వేసుకోవాల్సిందే. రైడరు పేక లాంటివాడు. అటూ ఇటూ తిరుగుతాడు, అందరికీ కనిపిస్తాడు. వెనక నిలబడే డిఫెండర్లు పడుగు. వాళ్లు గట్టిగా లేకపోతే ముందు తెచ్చిన పది పాయింట్లూ వెనక పోతాయి. టైటాన్స్‌ ఏళ్ల తరబడి పేక కోసమే కోట్లు పోశారు.

2024లో కృష్ణకుమార్‌ హుడా కోచ్‌గా వచ్చాక గాలి మళ్లింది. అంతకు ముందు దబంగ్‌ ఢిల్లీకి కప్పు తెచ్చిపెట్టిన కోచ్‌ ఆయన. ఆ సీజన్లో 12 గెలుపులు. ఏడో స్థానం. ప్లేఆఫ్స్‌ కొద్దిలో తప్పిపోయాయి. 2025లో పెద్ద పేరున్న సెహ్రావత్‌ వెళ్లిపోయాడు. అందరూ పెదవి విరిచారు. ఆగస్టు 29న విశాఖలో తొలి మ్యాచే అతని కొత్త జట్టు తమిళ్‌ తలైవాస్‌ చేతిలో ఓడిపోవడంతో ‘ఈసారీ ఇంతే’ అనుకున్నారు. కానీ కెప్టెన్‌ విజయ్‌ మాలిక్‌, 81 లక్షలకు కొన్న భరత్‌ హుడా భారాన్ని చెరిసగం పంచుకున్నారు. జట్టు నాలుగో స్థానంతో ప్లేఆఫ్స్‌కి చేరింది. బెంగళూరు బుల్స్‌ని, పట్నా పైరేట్స్‌ని దాటుకుని రెండో క్వాలిఫయర్‌ దాకా వెళ్లింది. అక్కడ పుణెరి పల్టన్‌ చేతిలో 50-45తో ఓడింది. ఫైనల్లో పుణెను ఓడించి ఢిల్లీ కప్పు ఎత్తుకుపోయింది.

వచ్చే సీజన్‌ సంగతేంటి?

వేలం ముగిసేసరికి జట్ల జాబితాలు మారిపోతుంటాయి. పేర్లు పట్టుకుని జోస్యం చెప్పడం కష్టం. మారని లెక్కలు కొన్ని ఉన్నాయి. వాటిని బట్టి చూద్దాం.

మొదటిది, ఆ 50-45 స్కోరే. నలభై అయిదు పాయింట్లు చేసిన జట్టు మామూలుగా ఓడకూడదు. ఓడిందంటే లోపం కూతలో లేదు, పట్టులో ఉంది. ఎడమ, కుడి మూలల్లో నిలబడే ఇద్దరు కార్నర్‌ డిఫెండర్లకి ఒకరి అడుగు ఒకరికి తెలియాలి. అది ఒక్క సీజన్లో రాదు. ఆ జోడీని రెండు మూడేళ్లు కదపకుండా ఉంచిన జట్టే పైకొస్తుంది. టైటాన్స్‌ ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ.

రెండోది, ఒక్కడి మీద ఆధారపడకపోవడం. రాహుల్‌, సిద్ధార్థ్‌, పవన్‌... ఒక్కో కాలంలో ఒక్కో పేరు చుట్టూ జట్టుని కట్టారు. అతను గాయపడితేనో, బెంచీ మీద కూర్చుంటేనో అంతా కూలింది. ఇద్దరు ముగ్గురు పంచుకున్న 2025లో నిలబడింది. ఈ పాఠం గుర్తుంటే చాలు.

మూడోది, ప్రత్యర్థులు. ఢిల్లీ, పుణె నిలకడగా ఉన్న జట్లు. 2024 విజేత హరియాణా, వరుసగా మూడు కప్పులు కొట్టిన చరిత్ర ఉన్న పట్నా ఎప్పుడైనా లేవగలవు. 2025లో ఒక్కో జట్టుకి 18 లీగ్‌ మ్యాచ్‌లే పెట్టి, ఎనిమిది జట్లకి ప్లేఆఫ్స్‌ తలుపు తెరిచారు. అదే పద్ధతి సాగితే టైటాన్స్‌ మొదటి ఎనిమిదిలో ఉండటం గగనం కాదు. పడుగు బిగిస్తే మొదటి నాలుగులోనూ ఉండొచ్చు. కప్పు మాటంటారా? మూలల్లో మంచి జోడీ దొరికిన రోజున మాట్లాడుకుందాం.

టీ కొట్టు దగ్గర ఇదే మాట ఇంకోలా నడుస్తుంది. ‘‘ఈసారన్న కప్పు గొడ్తరా కాకా?’’ అని కుర్రాడు అడుగుతాడు. ‘‘కొడ్తే కొడ్తరు, లేకుంటె లేదు బిడ్డా. గని అండ్ల మనోడు ఒక్కడన్న ఉన్నడా చెప్పు?’’ అని పెద్దాయన ఎదురు ప్రశ్న వేస్తాడు. అక్కడ మాట ఆగుతుంది.

పేరులో ఉన్న తెలుగు

ఆ ప్రశ్న వట్టిది కాదు. టైటాన్స్‌ని మోసిన పేర్లు వరసగా చెప్పుకోండి. రాహుల్‌ది ఉత్తరప్రదేశ్‌. సిద్ధార్థ్‌ది మహారాష్ట్ర. సెహ్రావత్‌ది ఢిల్లీ. విజయ్‌, భరత్‌ ఇద్దరిదీ హరియాణా. తెలుగు కుర్రాళ్లు జట్టులోకి రాకపోలేదు. కానీ జట్టుని నడిపే స్థానంలో నిలబడింది తక్కువ.

హరియాణా గొప్ప ఏమిటి? అక్కడ కబడ్డీ ఆడితే రైల్వేలోనో, సైన్యంలోనో, పోలీసు శాఖలోనో ఉద్యోగం దొరుకుతుందన్న నమ్మకం ఊరూరా ఉంది. అందుకే పదేళ్ల పిల్లాడిని తండ్రే మైదానానికి తీసుకెళ్తాడు. మహారాష్ట్ర దారి వేరు. పుణెరి పల్టన్‌ ‘యువ పల్టన్‌’ పేరుతో సొంత అకాడమీ పెట్టుకుంది. అస్లం ఇనాందార్‌, మోహిత్‌ గోయత్‌ లాంటివాళ్లు అందులోంచే వచ్చారు. టైటాన్స్‌ని ఓడించిన జట్టు వెనక ఉన్న అసలు బలం అది. వేలంలో కొన్నది కాదు, పెంచుకున్నది.

మన దగ్గర ఏమీ లేదనలేం. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు పెట్టడం మొదలైంది. 2023లో, మళ్లీ 2024లో సీఎం కప్‌ పోటీలు జరిగాయి. గ్రామం నుంచి మండలం, అక్కణ్నుంచి జిల్లా, రాష్ట్రం... మెట్లయితే ఉన్నాయి. కానీ మట్టిలో నేర్చిన కుర్రాడు మ్యాట్‌ మీద తొలిసారి కాలు పెట్టినప్పుడు అడుగు జారుతుంది. మట్టిలో దూకినట్టు మ్యాట్‌ మీద దూకితే మోకాలు పోతుంది. ఆ తేడా నేర్పడానికి ఒక మ్యాట్‌, ఒక కోచ్‌ దగ్గర్లో ఉండాలి. రోజూ పాలు, గుడ్లు ఉండాలి. అన్నిటికంటే ముందు, సాయంత్రం రెండు గంటలు ఖాళీ ఉండాలి. పన్నెండు గంటల పాళీలో ఆ రెండు గంటలు ఎక్కణ్నుంచి తేవాలి? చదువు మధ్యలో ఆపి సాంచాల మీదికి వెళ్లిన కుర్రాడు కండబలంలో ఎవరికీ తీసిపోడు. నిలబడి నిలబడి అతని పిక్కలు రాయిలా ఉంటాయి. చూపు ఒకేసారి నాలుగు సాంచాల మీద తిరుగుతుంది. కబడ్డీకి కావలసినవి ఈ రెండే. లేనిది సమయం.

టైటాన్స్‌ యజమానులకి, జిల్లా క్రీడాధికారులకి ఇది పెద్ద ఖర్చు కాదు. నేతన్నల ఊళ్లన్నిటికీ కలిపి ఒక మ్యాట్‌, ఒక కోచ్‌, పాళీ మారే వేళకు తగ్గట్టు రెండు పూటలా శిక్షణ. ఒక స్టార్‌ రైడర్‌ మీద పోసే సొమ్ములో చిన్న వాటా చాలు. అయిదేళ్ల తర్వాత టీ కొట్టు దగ్గర పెద్దాయన ప్రశ్నకు కుర్రాడి దగ్గర జవాబు ఉంటుంది.

మీరూ వెళ్తారా?

సికింద్రాబాద్‌ జూబ్లీ బస్‌స్టేషన్‌ నుంచి సిద్దిపేట మీదుగా సిరిసిల్ల బస్సులు ఉంటాయి. సుమారు 140 కిలోమీటర్లు. సిరిసిల్లకు కాస్త ముందే తంగళ్ళపల్లిలో దిగొచ్చు. మధ్య మానేరు నిండిన ఏడాదైతే వెనక నీళ్లు వంతెన దాకా వచ్చి నిలుస్తాయి. సాయంత్రం వంతెన మీద నిలబడి ఆ నీళ్లు చూడటం ఒక ముచ్చట. వేములవాడ అక్కణ్నుంచి అరగంట దారి. కబడ్డీ సీజన్లో వెళ్తే మాత్రం రాత్రి ఎనిమిదయ్యాక ఏదైనా టీ కొట్టు దగ్గర కాసేపు ఆగండి. సాంచాల టకటకలోనూ కూత వినిపిస్తుంది.