కోరంగి... చెక్కలదారిలో మడ అడవి!

కాకినాడలో యానాం బస్సెక్కి కోరంగిలో దిగితే చాలు. ఇరవై కిలోమీటర్ల లోపే. రోడ్డు పక్కనే గేటు. అది దాటి చెక్కలదారి మీద నాలుగడుగులు వేస్తే లారీల హారన్లు వెనకబడిపోతాయి. అటూ ఇటూ మడచెట్లు, కింద మెత్తటి బురద.

వచ్చినవాళ్లలో చాలామంది నేరుగా పడవ దగ్గరికే పరుగెడతారు. అసలు అడవి మాత్రం నడిచేవాళ్లకే కనిపిస్తుంది. అదీ ఆటు సమయంలో అయితే మరీ మంచిది. నీరు తీసేశాక బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి లేచి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్టు ఇలా వేళ్లతో ఊపిరి పీల్చుకుంటుంది. ఉప్పుపొన్నది మరో తమాషా. గింజ చెట్టు మీదే మొలకెత్తి, మునక్కాడలా వేలాడి, ఆనక కిందికి జారుతుంది. తిల్లచెట్టును మాత్రం ముట్టుకోకండి, పాలు కంట్లో పడితే ప్రమాదం. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. మొప్పలున్న చేపలు రెక్కలనే కాళ్లలా చేసుకుని బురద మీద గెంతుతుంటే వాళ్లు ఎలాగూ అక్కణ్నుంచి కదలరు!

బావురుపిల్లులు, నీటికుక్కలూ ఇక్కడివే. కానీ బావురుపిల్లి తిరిగేది ఎక్కువగా రాత్రిపూట. పగలు వెళ్లినవాళ్లకి దాని అడుగుజాడ దొరికినా అదృష్టమే.

ఒకప్పుడు కోరంగి పేరున్న రేవు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ 'కోరంగీలు' అనేవారు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుపానుకి సముద్రం ఊరిమీద పడింది. రేవు మళ్లీ కోలుకోలేదు. అలల జోరు తగ్గించే మడచెట్లనేమో వంటచెరకుకీ, రొయ్యల చెరువులకీ చాలాచోట్ల నరికేశారు. 1978లో ఇది అభయారణ్యమైంది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. నరికిన చోట నేల కుంగి, నీరు నిలిచి, ఎండకి ఉప్పు పేరుకుంటుంది. అక్కడ మొక్క నాటినా బతకదు. అందుకే చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటునీరు వచ్చిపోయేలా చేసి, ఆ తర్వాతే మొక్కలు నాటారు. ఈ పనిలో చుట్టుపక్కల మత్స్యకార కుటుంబాలూ చెయ్యి వేశాయి.

పడవ కూడా ఎక్కాలనుకుంటే పోటు వేళ ముందే కనుక్కోండి. నీరు లేకపోతే అది కదలదు. తాగేసిన నీళ్లసీసా మీతోనే వెనక్కి తెచ్చుకోండి. బురదలో పడిందంటే తీసేవాళ్లుండరు.