బ్యాలెన్స్ యాడికి పోయె?

అనంతపురం రైతుకు లెక్కలు చెప్పాల్సిన పనిలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే చోట, ఏ బోరులో ఎన్ని అంగుళాల నీళ్ళు పడ్డాయో, చేనికి తెచ్చిన అప్పుకు వడ్డీ నూటికి ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అలాంటి మనిషికి కూడా ఒక లెక్క తేలేది కాదు. అది సెల్‌ఫోన్లో బ్యాలెన్స్. రాత్రి చూసినప్పుడు 42 రూపాయలు. తెల్లారి చూస్తే 12. తను ఎవరికీ ఫోన్ చేయలేదు, తనకెవరూ చేయలేదు. మరి ఆ 30 రూపాయలు ఏమైనట్టు?

పోస్ట్‌పెయిడ్ వాళ్ళకు నెలకో బిల్లన్నా వచ్చేది. అందులో అర్థం కాని పద్దు ఉంటే వేలు పెట్టి చూపించి పోట్లాడొచ్చు. పల్లెల్లో అందరివీ ప్రీపెయిడ్ ఫోన్లే. బిల్లు లేదు, రసీదు లేదు. 10 రూపాయల టాపప్ వేయిస్తే పన్నూ ఫీజూ పోను చేతికొచ్చేది 7 రూపాయల పైచిలుకు. అదీ ఎప్పుడు కరిగిపోతుందో తెలీదు.

మంచం దిగకుండానే రోమింగ్

మాది మడకశిర దాటి అగళి వైపు వెళ్ళే దారిలో ఓ పల్లె. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. అంతకుముందు అనంతపురం జిల్లా. మ్యాపు తీసి చూడండి... ఆంధ్రప్రదేశ్ కర్ణాటకలోకి వేలు పెట్టినట్టుంటుంది. ఆ వేలి మీద ఉంటాయి రొళ్ళ, అగళి, అమరాపురం. పక్కనే కర్ణాటకకు చెందిన పావగడ తాలూకా. అక్కడ అంగళ్ళలో వినబడేది మన తెలుగే. పెళ్ళి సంబంధాలు అటూ ఇటూ, సంతలు అటూ ఇటూ. మనుషులకు లేని సరిహద్దు ఫోన్లకు వచ్చిపడింది.

మొబైల్ కంపెనీలకు లైసెన్సులు సర్కిళ్ళవారీగా ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ ఒక సర్కిల్, కర్ణాటక మరొకటి. మన టవరు సిగ్నల్ పడిపోయిందంటే ఫోన్ ఊరుకోదు, దొరికిన అవతలి టవరును పట్టుకుంటుంది. మరుక్షణం మీరు పరాయి సర్కిల్లో ఉన్నట్టు లెక్క. అక్కడ ఫోన్ చేస్తే చార్జి, వస్తే కూడా చార్జి. మామూలుగా వచ్చే కాల్స్ 2003 మే నుంచే ఉచితం. రోమింగ్‌లో ఉన్నవాళ్ళకు మాత్రం ఆ వరం లేదు.

మా ఇంటి ముందు ఆంధ్ర సిగ్నల్, పెరట్లో కర్ణాటక సిగ్నల్. మా నాయన పెరట్లో వేపచెట్టు కింద మంచం వేసుకుని పడుకునేవాడు. ఫోన్ తలకింద ఉండేది. బెంగుళూరులో బేల్దారి పనికి పోయిన మా అన్న రాత్రి ఫోన్ చేస్తే అక్కడ అన్నకు ఎస్టీడీ చార్జి, ఇక్కడ నాయనకు రోమింగ్ చార్జి. గడప దాటని మనిషికి ప్రయాణం చార్జి అన్నమాట!

రీచార్జ్ అంగట్లో నాయన ఓసారి గట్టిగానే అడిగాడు. ‘‘నేనింట్లోనే ఉండాను కదప్పా, కర్ణాటకకు ఎప్పుడు పోతిని?’’

అంగడాయన నవ్వి ‘‘నువ్వు పోలేదులే చిన్నాయనా, నీ ఫోను పోయింది’’ అన్నాడు.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతేనా? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007 ఫిబ్రవరిలో రోమింగ్‌లో వచ్చే కాల్‌కు నిమిషానికి 1.75 రూపాయలు గరిష్ఠ పరిమితిగా పెట్టింది. అంటే తగ్గించాక రేటది. పది నిమిషాలు మాట్లాడితే 17.50. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. అప్పట్లో రోజు కూలి 80 రూపాయలు. కొడుకు మాట పది నిమిషాలు వినడానికి ఆ కూలిలో అయిదో వంతుకు పైగా పోయేది.

అందుకే మా అమ్మ ‘‘బాగుండావా? తింటివా?’’ అని అడిగి పెట్టేసేది. వేరుశనగ చేను ఎండిపోయిన ఏడాది ఆమె కమ్మలు తాకట్టుకు పోయాయి. ఆ సంగతి అన్నకు ఉగాదికి ఇంటికొచ్చాకే తెలిసింది. ఫోన్లో ఎందుకు చెప్పలేదని అడిగితే ‘‘అది రెండు నిమిషాల్లో చెప్పే మాటనా నాయనా’’ అంది.

ఎవరు నొక్కారా బటన్?

రోమింగ్ తలనొప్పి సరిహద్దు ఊళ్ళకే పరిమితం. రెండోది ఊరూరా ఉండేది. కాలర్ ట్యూన్లు, క్రికెట్ స్కోర్లు, జోకులు, జాతకాలు... వీటన్నింటికీ కలిపి ‘విలువ ఆధారిత సేవలు’ అని పెద్ద పేరు. ఎవరికి విలువో మాత్రం చెప్పేవారు కాదు. తెరమీద ఉన్నట్టుండి ఏదో ప్రకటన మెరుస్తుంది. దాన్ని పోగొట్టుకోవాలని ఓకే నొక్కుతాం. అంతే, నెలకు 30 రూపాయలు!

మా నాయనకు తెలుగు బాగా వచ్చు, ఇంగ్లీషు అక్షరం రాదు. అలాంటి ఆయనకు రోజూ పొద్దున్నే ఇంగ్లీషులో రాశిఫలాలు వచ్చేవి. కస్టమర్ కేర్‌కు నేనే ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, తొమ్మిది నొక్కండి అని తిప్పితిప్పి చివరికి ఓ అమ్మాయి ‘‘మీరే యాక్టివేట్ చేసుకున్నారు సర్’’ అంది. ఆమె కంప్యూటర్లో అలాగే ఉండి ఉంటుంది. చదవలేని భాషలో అడిగిన ప్రశ్నకు వేలు తగిలితే అది ఒప్పుకున్నట్టే! డబ్బు తిరిగి రాలేదు.

పండగలప్పుడు ఇంకో చిత్రం. నెలంతా చవగ్గా ఎస్సెమ్మెస్‌లు పంపుకోవచ్చని ప్యాక్ అమ్మేవారు. సంక్రాంతికో కొత్త సంవత్సరానికో సరదాపడి నలుగురికీ శుభాకాంక్షలు పంపితే ఆరోజు ప్యాక్ పనిచేయదు, పూర్తి రేటు పడుతుంది. వీటిని ‘బ్లాకవుట్ డేస్’ అనేవారు. ఏడాదికి అయిదు రోజులకు మించి ఇలాంటివి ఉండకూడదని 2008లో ట్రాయ్ కట్టడి చేయాల్సి వచ్చింది.

అడిగి తీసుకోమన్నారు

జనం గోల పెట్టగా పెట్టగా నిబంధనలు వచ్చాయి. 2012లో రీచార్జ్ కూపన్లకు రంగులు పెట్టారు... టాపప్‌కు ఆకుపచ్చ, ప్లాన్‌కు ఎరుపు, ప్రత్యేక టారిఫ్‌కు పసుపు. చదువు రానివాళ్ళు కూడా రంగు చూసి అడగొచ్చని. ప్రీపెయిడ్ వాళ్ళూ వాడకం లెక్క కాగితం మీద తీసుకోవచ్చన్నారు. దానికి ఫీజు 50 రూపాయల దాకా! పోయిన 30 ఎటు పోయాయో తెలుసుకోవడానికి మరో 50 అన్నమాట. 2013 జులైలో అసలైన మందు పడింది. ఏ సేవ మొదలుపెట్టాలన్నా వినియోగదారుడు రెండోసారి కూడా సరేననాలి. ఆపాలంటే 155223కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

రోమింగ్ చార్జి 2013లో నిమిషానికి 75 పైసలకు, 2015లో 45 పైసలకు దిగింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక, కొన్ని నెలల్లోనే దేశంలో రోమింగ్ చార్జీ అన్నదే లేకుండా పోయింది. మా పెరటికీ వాకిలికీ తేడా పోయింది. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయినా టెలికాం లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఒకే సర్కిల్‌గా ఉండిపోయాయి. కాబట్టి హైదరాబాదుతో మాటలకు ఆ బాధ ఎప్పుడూ రాలేదు.

ఫిర్యాదు చేసే దారి కూడా చాలాకాలం మూసుకుపోయింది. ఫోన్ బిల్లు తగాదాలు వినియోగదారుల ఫోరాలు వినడానికి లేదని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2022 ఫిబ్రవరిలో అదే సుప్రీంకోర్టు, టెలికాం కంపెనీల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చని తేల్చింది. కాబట్టి ఇప్పుడు కంపెనీ ఫిర్యాదుల నంబరు 198తో మొదలుపెట్టి, అక్కడ న్యాయం జరగకపోతే జిల్లా కమిషన్ దాకా వెళ్ళొచ్చు.

ఇప్పటి లెక్క వేరు

మరి ఇప్పుడు అంతా బాగున్నట్టేనా? పైసలు దొంగచాటుగా కరిగిపోవడం బాగా తగ్గింది. బదులుగా ప్యాక్ అంటూ ముందే పెద్దమొత్తం కట్టేస్తున్నాం. అందులోనూ ఓ చమత్కారం ఉంది. నెల ప్యాక్ అనుకుని వేయించేది 28 రోజులకే అయిపోతుంది. అంటే 12 నెలలకు 13 రీచార్జ్‌లు. పెన్షన్ నెలకోసారే వస్తుంది, ఫోన్‌కు మాత్రం ఏడాదికి పదమూడు నెలలు! 30 రోజులదీ, ప్రతినెలా అదే తేదీకి వేయించుకునేదీ కూడా తప్పక ఉండాలని 2022లో ట్రాయ్ చెప్పింది. అంగట్లో మనం అడిగితేనే అవి బయటికొస్తాయి.

ఇక కీప్యాడ్ ఫోన్లు వాడే పెద్దవాళ్ళ సంగతి. మా నాయన ఫోన్లో ఇంటర్నెట్టే రాదు. అయినా చాలాకాలం ఆయన రోజుకు జీబీన్నర డేటా కొన్నాడు. ఎందుకంటే మాటలతోపాటు అది అంటగట్టి అమ్మేవారు. మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్యాక్ విడిగా అమ్మాల్సిందేనని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చింది. దాని గడువు ఏడాది దాకా ఉండొచ్చు. దీని గురించి అమ్మానాన్నలకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

ఈ ఆదివారం ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళ ఫోన్ ఓసారి చేతిలోకి తీసుకోండి. ఏ ప్యాక్ వేయించుకుంటున్నారో, నెలకెంత కడుతున్నారో, అందులో వాళ్ళు వాడేదెంతో అడగండి. అయిదు నిమిషాల పని. డబ్బు మిగిలితే సంతోషం. మిగలకపోయినా, నిమిషానికింతని లెక్క చూసుకుంటూ వాళ్ళు మనకు చెప్పకుండా దాచుకున్న మాటలు ఏవైనా ఉంటే, తీరుబడిగా వినొచ్చు.