నిద్ర ఎరిగిన పలక

విద్యార్థికి నిద్ర శత్రువని పెద్దలు చెబుతారు. పరీక్షల నెలలో ఆ మాట మరింత తరచుగా వినవస్తుంది. అయితే అరచేతిలో ఇమిడే ఒక ఎలక్ట్రానిక్ పలకను కొన్ని వారాలు పరిశీలించిన పిమ్మట నిద్రను గురించిన నా అభిప్రాయం కొంత మారినది.

ఆనాటి పాఠాల పట్టికను తెలుగులోనూ ఉర్దూలోనూ చూపగల సాధనం మా తరగతి గోడపై ఉండవలెనని మిత్రులం సంకల్పించాము. ఆ గోడ దగ్గర విద్యుత్ ప్లగ్ లేదు. కనుక ఒక బ్యాటరీ ఎంతకాలం మన్నుతుందన్నదే మా ముందున్న అసలు ప్రశ్న.

పలకపై చిన్న రేకు మూత క్రింద ఇఎస్‌పి 32 అనే చిప్ ఉన్నది. షాంఘైలోని ఎస్ప్రెసిఫ్ సంస్థ 2016లో దీనిని వెలువరించినది. లెక్కలు చేసే రెండు కోర్లు, 520 కిలోబైట్ల జ్ఞాపకశక్తి, వై-ఫై, బ్లూటూత్ రేడియోలు ఆ గోరంత చిప్‌లోనే కలవు. మూత ప్రక్కన మెలికలు తిరిగిన రాగి గీత చూచుటకు ముగ్గువలె ఉంటుంది గాని, అదే ఆంటెనా. దాని చెంత లోహమేదీ ఉండరాదు. బ్యాటరీ వోల్టేజిని 3.3 వోల్టులకు తగ్గించి స్థిరపరచే రెగ్యులేటర్ మరొక మూల ఉన్నది.

నన్ను మిక్కిలి ఆకర్షించినది దాని తెర. అది ఎలక్ట్రానిక్ కాగితం. సూక్ష్మమైన గుళికలలో తెల్లని, నల్లని రేణువులు పరస్పర వ్యతిరేక విద్యుదావేశాలతో తేలియాడుతుంటాయి. విద్యుత్తు ప్రయోగించగా ఒక రంగు రేణువులు పైకి, మరొక రంగువి అడుగుకు చేరుతాయి. ఒకసారి అక్షరం ఏర్పడినదా, విద్యుత్తు తొలగించినా చెదరదు. తెలుగు ఒత్తులను క్రింద పొదిగి, ఉర్దూ అక్షరాలను కుడి నుండి కలిపి వ్రాయు నేర్పు ఈ చిన్న చిప్‌లకు సిద్ధంగా లభించదు. కావున పాఠమంతటిని వేరొక కంప్యూటర్‌పై బొమ్మగా తయారుచేసి పంపవలసి వచ్చినది.

ఇక లెక్కకు వత్తాము. మేల్కొని రేడియో నడుపునప్పుడు పలక సగటున 100 మిల్లీ ఆంపియర్లు వాడుతుందనుకొందాము. 2000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ 20 గంటలలో నిండుకుంటుంది. గాఢనిద్రలో ఆ చిప్‌కు కావలసినది సుమారు 10 మైక్రో ఆంపియర్లు. అనగా పదివేలవ వంతు. గంటకొకసారి 10 సెకండ్లు మేల్కొని, మార్పులేవైనా ఉన్నవేమో విచారించి తిరిగి నిద్రించినచో రోజుకు అయ్యే ఖర్చు 7 మిల్లీ ఆంపియర్ గంటలు మాత్రమే. అదే బ్యాటరీ కాగితంపై లెక్క ప్రకారం 280 రోజులు దాటుతుంది.

కాని పలకపై ఒక ఎర్రని దీపం ఉన్నది. విద్యుత్తు వచ్చుచున్నదని తెలుపుట తప్ప దానికి వేరు పని లేదు. కొలిచి చూడగా అది ఎల్లవేళలా 2 మిల్లీ ఆంపియర్లు త్రాగుచున్నది. రోజుకు 48 మిల్లీ ఆంపియర్ గంటలు! పనికి అయ్యే ఖర్చుకు దాదాపు ఏడింతలు. ఆ దీపం వెలుగుచున్నంతకాలం తొమ్మిది నెలల ఆయుష్షు 36 రోజులకు కుంచించుకొనిపోతుంది. టంకపు కడ్డీతో దానిని తొలగించాము.

శక్తి చాలక ఆగిపోయే పనులకన్న, 'నేనున్నాను' అని అనుక్షణం చాటుకొనుటలో శక్తి వ్యయమై ఆగిపోయే పనులే లోకంలో అధికమేమో! పనివేళకు మేల్కొని, పని ముగించి, మౌనంగా విశ్రమించు ఈ పలక వ్రాసిన అక్షరం మాత్రం గోడపై నిలిచియే ఉంటుంది. చదువులోనైనా సంఘసేవలోనైనా మనకు కావలసిన మితవ్యయం ఇదేనని నా విశ్వాసం.