బాయిలో గాలి

మంచిర్యాలలో చెన్నూరు బస్సెక్కితే సీసీసీ, నస్పూర్ దాటాక శ్రీరాంపూర్. మే నెల మధ్యాహ్నం అక్కడ దిగితే ఎండ నెత్తిన నిప్పులు పోస్తుంది. సింగరేణి క్వార్టర్లు, వేపచెట్ల నీడ, టీకొట్ల దగ్గర షిఫ్టు దిగినవాళ్ల కబుర్లు. ఇక్కడ గనిని 'బాయి' అంటారు. ఏ బాయి అని అడిగితే 'ఆర్‌కే ఫైవ్', 'ఆర్‌కే సెవెన్' అని జవాబొస్తుంది. ఆర్‌కే అంటే రవీంద్రఖని. 2016లో మంచిర్యాల జిల్లా ఏర్పడేదాకా ఇదంతా ఆదిలాబాదే.

ఈ నేల కింద కంటికి కనిపించని ఏరు ఒకటి పారుతుంటుంది. అది గాలి!

భూగర్భ గనికి కనీసం రెండు దారులుండాలి. ఒకదాంట్లోంచి గాలి దిగుతుంది. రెండోదాని నోటి దగ్గర పెద్ద ఫ్యాను. అది లోపలికి గాలి కొడుతుందనుకుంటారు చాలామంది. మామూలుగా చేసేది పీల్చడం. లోపలి గాలిని అది లాగేస్తుంటే ఆ వెలితి నింపడానికి మొదటి దారిలోంచి బయటి గాలి దూసుకొస్తుంది.

చిక్కంతా ఆ తర్వాతే. గాలి కూడా నీళ్లలాగే సులువైన దారి వెతుక్కుంటుంది. ఎక్కడో దూరాన బొగ్గు తవ్వే చోటికి దానంతటది పోదు. మధ్యలో సందు దొరికిందా, అటునుంచటే ఫ్యాను దగ్గరికి చక్కా పోతుంది. అందుకే అక్కర్లేని దారులకు గోడలు, మనుషులు తిరిగే చోట జంట తలుపులు, చివర్లో పరదాలు. ఒక తలుపు మూశాకే రెండోది తీయాలి. తొందరపడి రెండూ ఒకేసారి తెరిస్తే అవతల చెమటోడుస్తున్నవాళ్ల గాలికి గండి పడ్డట్టే.

ఇంట్లోనే చిన్న విమానం కట్టుకునేవాళ్లదీ ఇదే తిప్పలు. ముందునుంచి దూరిన గాలి ఇంజిన్ సిలిండర్లను రాసుకుంటూ పోవాలి. రబ్బరు పట్టీ పక్క సందులోంచి జారిపోతే ఇంజిన్ కాగిపోతుంది.

మరి పెద్ద ఫ్యాను పెడితే సరిపోదా? అవే దారుల్లో రెట్టింపు గాలి పారాలంటే ఒత్తిడి నాలుగింతలు, కరెంటు ఎనిమిదింతలు కావాలి. అంతకంటే గోడ పగులు పూడ్చుకోవడం చవక.

2017 బొగ్గు గనుల నిబంధనల ప్రకారం పెద్ద షిఫ్టులో ఉండే ఒక్కో మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్ల గాలి అందాలి. రోజూ తీసే టన్ను బొగ్గుకు 2.5 ఘనపు మీటర్ల లెక్క ఇంకోటుంది. రెంటిలో ఏది ఎక్కువైతే అదే. మీథేన్ పలచబడాలన్నా ఈ గాలే దిక్కు.

వేడిని కొలవడానికి తడిబట్ట చుట్టిన థర్మామీటరు వాడతారు. మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. అది 33.5 డిగ్రీలు దాటకూడదు. 30.5 దాటిందంటే గాలి సెకనుకు కనీసం మీటరు వేగంతో కదలాలి. పైన 45 డిగ్రీల ఎండకాసినా పొడిగాలి కాబట్టి చెమట ఆరుతుంది. కింద తేమ నిండిన గాలి కదలకపోతే చెమట కారుతుందే తప్ప ఒళ్లు చల్లబడదు.

రాత్రి ఊరంతా పడుకున్నా ఫ్యాను హోరు ఆగదు. ఆగిందంటే లోపలున్నవాళ్లను వెనక్కి రప్పించాల్సిందే.