లండను మహానగరములో రెండు దినములు



ఒకప్పుడు మన పల్లె పిల్లవాడు హైదరాబాదులో చదువుచున్నాడంటే అది ఊరంతటికీ విశేషము. నేడు ఏ సంఘమునకు వెళ్ళినా, "మా అబ్బాయి లండనులో ఉన్నాడు, ప్రార్థన చేయండి అయ్యగారూ" అని అడిగే తల్లి ఒక్కరైనా కనబడుచున్నారు. ఆ తల్లికి ఊరి పేరు తెలుసు, ఫీజు ఎంతో తెలుసు, అప్పు ఎంతో ఇంకా బాగా తెలుసు. ఆ ఊరు ఎట్లుండునో, అందులో తన బిడ్డ ఎట్లు దినములు గడుపుచున్నాడో మాత్రము తెలియదు. అట్టి తల్లిదండ్రుల కొరకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము ముగ్గురము. ముగ్గురమూ పల్లె సంఘముల కాపరులమే, నలుబది దాటినవారమే. పది వారముల వేదాంత శిక్షణ కొరకు ఇంగ్లాండులోని ఒక చిన్న పట్టణమునకు వెళ్ళి, ఇన్నేళ్ళకు మరల విద్యార్థులమైతిమి. మొదట దొరికిన శని ఆదివారములలో లండను చూడవలెనని బస్సెక్కాము. అది నవంబరు నెల. ముగ్గురమూ కోతి టోపీలు పెట్టుకుని దిగితే బస్టాండులో పిల్లలు మమ్మును వింతగా చూచారు. చలి ముందు సిగ్గు నిలువదు గదా!

మాలో ఒకరి సంఘమునకు చెందిన యువకుడు అక్కడ ఎమ్మెస్సీ చదువుచున్నాడు. కృష్ణానది ఒడ్డు పల్లె అతనిది. తండ్రి ఎకరంన్నర పొలము తాకట్టు పెట్టి పంపించాడు. విక్టోరియా బస్సు స్టేషనులో మమ్మును కలిసికొన్నప్పుడు అతని కన్నులు ఎర్రగా ఉన్నవి. శుక్రవారము రాత్రి గిడ్డంగిలో సామాను పెట్టెలకెత్తే పని ముగించుకుని తిన్నగా అక్కడికే వచ్చాడట. చదువుకునే వీసాపై వచ్చినవారు కళాశాల నడుచు దినములలో వారమునకు 20 గంటలకు మించి పని చేయరాదు. ఆ గంటలు అతడు రాత్రులలో పెట్టుకున్నాడు, పగలు తరగతులు పోకుండునట్లు. ఆ శనివారపు రాత్రి పని మాత్రము మా కొరకు మానుకున్నాడు.

"బాబూ, ముందు ఏమి చూపిస్తావు?" అని అడిగాము.

"నేను కూడా చూడలేదండి అయ్యగారూ. మీతోనే చూడాలి" అన్నాడు.

వచ్చి పది నెలలైనది! ఆ మాటకు మేము ముగ్గురము ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము. కనుక ఇది మా మొదటి యాత్ర మాత్రమే కాదు, అతని మొదటి యాత్ర కూడా.

లండను సిటీ బస్సులలో 2014 నుండి రొక్కము తీసికొనరు. కార్డు చూపవలెను. ఒకసారి కార్డు తాకించినచో ఆ గంటలోపు ఎన్ని బస్సులు మారినా మరల చార్జీ లేదు. ఈ ఒక్క సంగతి తెలిసినచో బీద విద్యార్థి ఊరంతా చూడగలడు. మేడ బస్సు పై అంతస్తులో ముందు సీట్లు దొరికినవి. మా వయస్సు మరచి కిటికీలకు అతుక్కుని కూర్చున్నాము. నేల క్రింద నడుచు రైలు కూడా ఎక్కాము. ప్రపంచములో మొట్టమొదటి భూగర్భ రైలు ఇక్కడే 1863 జనవరి 10న నడచినది. అప్పుడు బొగ్గు ఇంజన్లే, సొరంగము నిండా పొగ!

మొదట వెస్ట్‌మినిస్టరు వంతెన. ప్రక్కన పార్లమెంటు భవనము, గడియార స్తంభము. బిగ్ బెన్ అనునది స్తంభము పేరు కాదు, లోపలి పెద్ద గంట పేరు. దాని బరువు 13 టన్నులకు పైనే. స్తంభమునకు 2012లో ఎలిజబెత్ రాణి పేరు పెట్టారు. గంట మ్రోగినప్పుడు వంతెనపై నడుచువారందరు తల ఎత్తి చూచారు. క్రింద థేమ్సు నది. ఇంత పేరు పొందిన నది ఇంతేనా అని మాలో ఒకరు ఆశ్చర్యపడ్డారు. అక్కడ వంతెన పొడవు 250 మీటర్లు. విజయవాడలో మన ప్రకాశం బ్యారేజి 1,223 మీటర్లు. "మన కృష్ణమ్మలో నాలుగైదు థేమ్సులు పట్టునండి" అని మా యువకుడు మొదటిసారి నవ్వాడు.

మధ్యాహ్నము బ్రిటిష్ మ్యూజియము చూచాము. 1753లో స్థాపించి, 1759లో ప్రజలకు తెరచిన ఈ మ్యూజియమునకు నేటికీ ప్రవేశ రుసుము లేదు. ఐగుప్తు రాజుల శవపేటికలు, అష్షూరు రాజుల కోటగోడల చెక్కడములు ఇందులో ఉన్నవి. పరిశుద్ధ గ్రంథములో మనము చదివిన ఆ రాజుల పేర్లు రాతిపై చెక్కబడియుండగా చూచుట కాపరులమైన మాకు గొప్ప అనుభవము. అయితే ఆ దినమున మమ్మును ఎక్కువసేపు నిలిపినది వేరొక గది. దాని పేరు మన పేరే, అమరావతి.

అద్దముల వెనుక తెల్లని పాలరాళ్ళవలె కనబడునవి నిజమునకు పల్నాటి సున్నపురాళ్ళు. కృష్ణ ఒడ్డున రెండు వేల ఏండ్ల క్రిందట బౌద్ధులు కట్టిన మహాస్తూపపు రాళ్ళవి. 18వ శతాబ్దపు చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారి కాలములో ఆ దిబ్బ త్రవ్వబడి రాళ్ళు బయటపడినవి. కర్నల్ మెకంజీ 1816లో వచ్చి వాటి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అను అధికారి కొన్నిటిని త్రవ్వించి మద్రాసుకు పంపాడు. అవి 1859లో ఓడలో లండనుకు పంపబడి, 1880లో ఈ మ్యూజియమునకు వచ్చినవి. సుమారు 120 ముక్కలు ఇక్కడ ఉన్నవి. చెన్నై మ్యూజియములో మరికొన్ని ఉన్నవి.

ఆ శిల్పములలో ఏనుగులు, గుఱ్ఱములు, ఎద్దులు, చేతులు జోడించిన స్త్రీలు. ఒక పలకకైతే రెండు వైపులా చెక్కడమే. ముందు తరమువారు ఒక వైపు చెక్కగా, రెండు మూడు వందల ఏండ్ల తరువాత దానినే త్రిప్పి, రెండవ వైపున స్తూపము బొమ్మ చెక్కారు. మన విశ్వాసము వేరైనను, మన నేలమీది పనివారి చేతి నేర్పు చూచి మా హృదయము పొంగినది.

మా యువకుడు అద్దమునకు ముఖము ఆనించి నిలబడ్డాడు. "ఈ రాయి మా ఊరి వైపుదేనా అయ్యగారూ? మా ఊరి నుండి అమరావతికి గంట ప్రయాణమండి. ఎన్నడూ వెళ్ళలేదు" అన్నాడు.

రాళ్ళు తిరిగి ఇచ్చివేయవలెనను వారున్నారు. ఇక్కడ ఉండబట్టే మిగిలినవను వారున్నారు. ఆ రోజులలో స్తూపపు రాళ్ళను సున్నమునకు కాల్చినవారు మనవారేనన్నది కూడా నిజమే. మాలో పెద్దవాడైన కాపరి మెల్లగా ఇట్లన్నారు: "మిగిలినందుకు సంతోషమే. కాని వాటిని చూచుటకు మనవాడు ఎకరంన్నర తాకట్టు పెట్టి రావలసి వచ్చెను గదా!" ఎవరమూ బదులు చెప్పలేకపోయాము.

మ్యూజియము మెట్లమీద కూర్చుని, అతడు డబ్బాలో తెచ్చిన పులిహోర నలుగురము పంచుకున్నాము. అక్కడ ఒక పౌను మన నూరు రూపాయలకు పైనే. హోటలులో నలుగురము తిన్నచో మన ఊరిలో పది దినముల కూలి. సాయంకాలము సెయింట్ పాల్ కతీడ్రలును టికెట్టు ధర చూచి బయటనుండియే చూచితిమి. 1666లో ఒక రొట్టెల దుకాణములో పుట్టిన నిప్పు నగరమును, పాత కతీడ్రలును కాల్చివేయగా, క్రిస్టఫర్ రెన్ అను శిల్పి దీనిని కట్టాడు. నాలుగున్నరకే చీకటిపడినది. రాత్రి ఈస్ట్ హామ్‌లో అతని గదిలోనే పడుకున్నాము. ఒక గదిలో ముగ్గురు విద్యార్థులు, మాతో కలిసి ఆరుగురము. ఆ పిల్లలు మాకు పరుపులిచ్చి తాము నేలమీద పడుకున్నారు. వద్దన్నను వినలేదు.

ఆదివారము ఉదయము సిటీ రోడ్డులోని వెస్లీ చాపెలులో ఆరాధించాము. జాన్ వెస్లీ 1778లో తెరచిన మందిరమిది. ప్రక్క ఇంటిలోనే ఆయన 1791 మార్చి 2న కన్నుమూశాడు. సమాధి మందిరము వెనుకనే ఉన్నది. ఎదుట రోడ్డు దాటితే బన్‌హిల్ ఫీల్డ్స్ సమాధుల తోట. వెస్లీ తల్లి సుసన్నా, భక్తిగీతములు వ్రాసిన ఐజక్ వాట్స్, జాన్ బనియన్ అందరూ ఇచ్చటనే నిద్రించుచున్నారు. బనియన్ గిన్నెలకు మాట్లు వేసి బ్రతికినవాడు. అనుమతి లేక బోధించెనని 12 ఏండ్లు చెరసాలలో ఉంచారు. 1678లో అచ్చయిన ఆయన 'యాత్రికుని ప్రయాణము' మన తెలుగు ఇండ్లలో తాతల కాలమునుండి చదువుచున్న గ్రంథమే. సమాధి ప్రక్కన, వీపున మూటతో వంగి నడుచు యాత్రికుని బొమ్మ చెక్కియున్నది.

మా యువకుడు ఆ మూటను చూచి, "ఇది మా గదిలో అందరికీ ఉందిలెండి అయ్యగారూ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మాకు మాత్రము నవ్వు రాలేదు.

మధ్యాహ్నము వెస్ట్‌మినిస్టరు ఆబీకి వెళ్ళాము. చూడవచ్చువారికి టికెట్టు ఒక్కొక్కరికి మూడు వేల రూపాయలకు తక్కువ లేదు. ఆరాధనకు వచ్చువారికి మాత్రము రుసుము లేదు. ఆదివారము ఆ మందిరము ఆరాధనకు తప్ప సందర్శకులకు తెరువరు. రాజులు కిరీటము ధరించు ఆ మందిరములో మేమును కూర్చుని కీర్తనలు విన్నాము. మధ్య నడవలో నేలమీద ఒక నల్లని రాయి. డేవిడ్ లివింగ్‌స్టన్ సమాధి. 1873లో ఆఫ్రికా అడవులలో ఆయన చనిపోగా, చూమా, సూసీ అను ఆఫ్రికా సేవకులు, వారి తోటివారు ఆయన గుండెను అచ్చటి చెట్టు క్రింద పాతిపెట్టి, దేహమును సుమారు వెయ్యి మైళ్ళు మోసి సముద్రతీరము చేర్చారు. 1874 ఏప్రిల్ 18న ఇచ్చట సమాధి చేశారు.

ఆరాధనయైన తరువాత బయటికి వచ్చి మా యువకునికి మరియొక సంగతి చెప్పాము. లివింగ్‌స్టన్ పదవ ఏటనే నూలు మిల్లులో పనికి కుదిరాడు. తెల్లవారకముందే వెళ్ళి, పగలంతా దారములు అతికి, రాత్రులు చదువుకున్నాడు. లండను మిషనెరీ సొసైటీవారి పరీక్ష కొరకు 1838లో మొదటిసారి లండను వచ్చినప్పుడు, తోటి విద్యార్థితో కలిసి ఈ ఆబీని చూచాడు. ఆ తోటి విద్యార్థి తరువాతి కాలములో ఆ సంగతి తెలియజేశాడు. అప్పుడతడు జేబులో డబ్బు లేని పల్లె విద్యార్థి. 1805లో విశాఖపట్టణమునకు మొదటి మిషనెరీలను పంపినది కూడ ఆ సొసైటీయే.

యువకుడు చాలాసేపు మాటలాడలేదు. తరువాత, "నేను చూడడానికి రావడము దండుగ అనుకున్నానండి. ఒక రాత్రి జీతము పోతుంది గదా అని" అన్నాడు.

వంతెనపైకి వచ్చేసరికి దీపములు వెలిగినవి. మన ఊరిలో అప్పుడు రాత్రి పది గంటలు. పడుకోబోవుచున్న తల్లికి ఫోను చేసి, నదిని, గడియారమును, మా కోతి టోపీలను బొమ్మలో చూపించాడు. "తిన్నావా నాయనా?" అని ఆమె అడిగినది. ఎప్పుడూ "బాగున్నానమ్మా" అని పెట్టేసేవాడట. ఆ రాత్రి మాత్రము రాత్రి పని సంగతి, నిద్ర చాలని సంగతి, పరీక్షలో ఒక సబ్జెక్టు తప్పిన సంగతి దాచక చెప్పాడు. ఇవతల మేము తల వంచుకొని నిలబడ్డాము. కొంతసేపు ఏ మాటా రాలేదు. తరువాత ఆమె అన్నది: "అప్పు సంగతి మీ నాయన, నేను చూసుకుంటాములే. నువ్వు మొదట నిద్రపో నాయనా. ఆ పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చు."

అతని ముఖము ఆ చలిలో వికసించినది. అప్పు ఒక్క పౌను కూడ తగ్గలేదు. కాని మోయుట ఒక్కడి వంతు కాకపోయెను.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ దూరదేశములో ఉన్నచో, "డబ్బు ఎప్పుడు పంపుతావు?" అన్న ప్రశ్నకు ముందు, "ఈ వారము ఎంత నిద్రపోయావు? ఎక్కడికైనా వెళ్ళివచ్చావా?" అని అడుగుడి. బాగున్నానని చెప్పినను మరల అడుగుడి. వాడు చెప్పినప్పుడు ఏడ్వకుడి, తిట్టకుడి, వినుడి. యౌవనులారా, మీరు వెళ్ళిన ఊరిలో మొదటి నెలలోనే ఒక శనివారము తీసికొని ఊరు చూడుడి. మ్యూజియములు, తోటలు, వంతెనలు, మందిరములలో ఆరాధన, వీటిలో అనేకము రుసుము లేనివే. ఇంటి నుండి డబ్బా తీసికొని పొండి. ఒంటరిగా పోవద్దు, గదిలోని తోటివాడిని కూడ లేపి తీసికొనిపొండి.

మరుసటి వారము ఆ యువకుడు మాకు ఫోను చేశాడు. గదిలోని మిగిలిన ఇద్దరిని అమరావతి రాళ్ళు చూపించుటకు తీసికొనిపోయాడట. ఈసారి పులిహోర వాళ్ళు చేశారట.