ఎనిమిది కాళ్ల చీమ

మామిడితోటలలో కాయలు కోయడానికి చెట్టెక్కేవారికి ఎర్రచీమలంటే హడలు. పచ్చి ఆకులను దగ్గరకు లాగి, తమ పిల్లపురుగులను సాలెవాని నాడె వలె అటూ ఇటూ ఆడిస్తూ, వాటి నోటి నుండి వెలువడే పట్టుదారంతో గూళ్లు కుట్టుకునే చీమలవి. కొమ్మ కదిలితే చాలు, దండుగా వచ్చి పడతాయి. కరిచి, ఆ చోట ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్ముతాయి. కనుకనే కీటకాలను తినే ప్రాణులు అనేకం వాటి జోలికి పోవు.

భారతదేశం, శ్రీలంకల నుండి ఆగ్నేయాసియా వరకు, ఈ చీమల బారులకు కొంచెం ఎడంగా ఒక్కొక్కచోట ఒక ఒంటరి చీమ కనిపిస్తుంది. నిదానించి చూస్తే దానికి కాళ్లు ఎనిమిది! అది చీమ కాదు, గెంతుడు సాలీడు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మిర్మాప్లాటా ప్లాటలియోయిడిస్. పేరు నోరు తిరగనిదే గాని, వేషం మాత్రం అచ్చుగుద్దినట్లు ఉంటుంది. సాలీడు దేహంలో రెండే భాగాలు. దీనికి ముందుభాగం నడుమ నొక్కినట్లు సన్నబడి, చీమ వలె మూడు భాగాలున్న భ్రాంతి కలుగుతుంది. ముందుకాళ్లు రెండింటిని పైకెత్తి మీసాల వలె ఆడిస్తుంది. నడక కూడా చీమదే. పగటివేషగాడు దుస్తులతో సరిపుచ్చక నడకను, చూపును సైతం అభ్యసిస్తాడు కదా!

బలహీన ప్రాణి ప్రమాదకరమైన ప్రాణి రూపాన్ని పొంది బ్రతికిపోవడాన్ని 1862లో హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ సీతాకోకచిలుకల విషయంలో వివరించాడు. అమెరికాలో రెక్కలు లేని కందిరీగలను పోలిన ఎర్రని గెంతుడు సాలీళ్లు కూడా ఉన్నాయి.

అయితే ఈ వేషం చూపుతో వేటాడే శత్రువుల కోసమే. చీమలు తమవారిని వాసనతో పోల్చుకుంటాయి. వాటి చేతికి చిక్కితే సాలీడుకు చావు తప్పదు. అందుచేత చీమ దగ్గరకు వస్తే తప్పుకుంటుంది, లేదా దారం పట్టుకొని క్రిందికి జారిపోతుంది. ఎవరి అండ చూసుకొని బ్రతుకుతున్నదో వారినే చూసి వణకవలసిన బ్రతుకు!

మగదాని అవస్థ మరీ విచిత్రం. ఆడదాని కోసం పోటీపడే క్రమంలో దాని దవడలు విపరీతంగా ముందుకు పెరిగాయి. వేషం చెడిపోవలసిందే. కాని చూపరులకు అది మరొక చీమను నోట కరచి మోస్తున్న చీమ వలె కనిపిస్తుంది. చీమలను ఏరి తినే వేటగాళ్లకు మాత్రం నోరు ఖాళీగా లేని చీమే సులభమైన ఆహారం. అటువంటివి ఈ మగ సాలీళ్లనే ఎక్కువగా ఎంచుకుంటాయని 2006లో హిమేనా నెల్సన్, రాబర్ట్ జాక్సన్ ప్రయోగాలలో తేలింది. పైగా ఆ పొడవాటి దవడల కోరలలో విషనాళం లేదు. ఎరను బల్లెంతో వలె గుచ్చి పట్టుకోవలసిందే. ఆడదాని పొట్టి కోరలలో విషం యథాతథంగా ఉంది.